హైబ్రిడ్ కారు కొనాలా.. రీకాల్ వార్తలు చూసి ఆగాలా? అమీర్‌పేట, పంజాగుట్ట ట్రాఫిక్‌లో అసలు లెక్క ఇదీ!

హైదరాబాద్: అమీర్‌పేట మైత్రీవనం నుంచి పంజాగుట్ట సర్కిల్‌కు దూరం రెండు కిలోమీటర్లకు అటూఇటూ. సాయంత్రం ఆఫీసులు వదిలే టైమ్‌లో మాత్రం ఈ రోడ్డు మీద కారు కదిలే సేపటి కంటే ఆగి ఉండే సేపే ఎక్కువ. పెట్రోల్ లీటర్ 107 రూపాయలు దాటిన నగరంలో సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతి నిమిషం జేబుకు చిల్లే. అందుకే హైబ్రిడ్ కార్ల మీద మధ్యతరగతి చూపు పడింది. ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే పనిలేదు. మైలేజీ చూస్తే మామూలు పెట్రోల్ కారు కంటే చాలా ఎక్కువ.

కానీ కొందామని డిసైడ్ అయ్యేలోపు ఫోన్‌లో ఒక వార్త కనిపిస్తుంది. "వేల కార్లు రీకాల్". 2025 నవంబర్‌లో మారుతీ సుజుకీ 39,506 గ్రాండ్ విటారా కార్లను వెనక్కి పిలిచింది. అదే నెలలో టయోటా కూడా 11,529 అర్బన్ క్రూజర్ హైరైడర్ కార్లను పిలిచింది. ఈ రెండూ మన దగ్గర హైబ్రిడ్ అనగానే గుర్తొచ్చే పేర్లు. 15 నుంచి 20 లక్షలు పెట్టి, ఐదేళ్లో ఏడేళ్లో ఈఎంఐ కట్టుకునే ఇంట్లో ఈ వార్త చదివితే అడుగు వెనక్కి పడటం సహజం.

మరి నిజంగా ఆగాలా? రీకాల్ అంటే కారు ప్రమాదకరమనా? దీనికి జవాబు హెడ్‌లైన్‌లో దొరకదు. ఏ భాగం పాడైందో చూస్తేనే తెలుస్తుంది.

నాలుగు రీకాల్స్.. ఏం పాడైంది?

గ్రాండ్ విటారా 2022 సెప్టెంబర్‌లో మార్కెట్లోకి వచ్చింది. హైరైడర్ దాని కవల కారు. ఈ జంటను తాకిన ముఖ్యమైన రీకాల్స్ ఇవీ..

- 2022 డిసెంబర్: ముందు సీటు బెల్టును భుజం ఎత్తుకు సర్దుకునే భాగంలో లోపం. మారుతీ మొత్తం 9,125 కార్లను పిలిచింది. వాటిలో గ్రాండ్ విటారాతో పాటు సియాజ్, బ్రెజ్జా, ఎర్టిగా, ఎక్స్‌ఎల్6 కూడా ఉన్నాయి.
- 2023 జనవరి: ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్‌లో లోపం. 17,362 కార్లు. గ్రాండ్ విటారాతో పాటు ఆల్టో కె10, ఎస్-ప్రెస్సో, ఈకో, బ్రెజ్జా, బాలెనో కూడా ఈ లిస్టులోకి వచ్చాయి.
- అదే జనవరిలో మరొకటి: వెనక సీటు బెల్టును బిగించే బ్రాకెట్లలో లోపం. 2022 ఆగస్టు 8 నుంచి నవంబర్ 15 మధ్య తయారైన 11,177 గ్రాండ్ విటారాలు.
- 2025 నవంబర్: ఫ్యూయల్ మీటర్, వార్నింగ్ లైట్ సరిగ్గా చూపించకపోవచ్చన్న అనుమానం. 2024 డిసెంబర్ 9 నుంచి 2025 ఏప్రిల్ 29 మధ్య తయారైన కార్లు.

ఈ లిస్టును ఇంకోసారి చూడండి. సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగ్, పెట్రోల్ మీటర్. నాలుగింటిలో ఒక్కటి కూడా హైబ్రిడ్ బ్యాటరీ గురించో, ఎలక్ట్రిక్ మోటార్ గురించో కాదు. ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ లోపం ఆల్టో కె10లోనూ ఉంది. అంటే హైబ్రిడ్ వద్దనుకుని మామూలు పెట్రోల్ కారు కొన్నవాళ్లు కూడా ఈ రీకాల్ నుంచి తప్పించుకోలేదు.

అలాగని ఇవి చిన్న విషయాలా? కానే కాదు. ఎయిర్‌బ్యాగ్ రీకాల్ టైమ్‌లో ఆ భాగం మార్చేదాకా కారు నడపొద్దని కంపెనీయే చెప్పింది. వెనక సీటులో పిల్లలు కూర్చునే ఇంట్లో బెల్టు బ్రాకెట్ లోపం చాలా సీరియస్. పెట్రోల్ మీటర్ తప్పు చూపిస్తే బేగంపేట ఫ్లైఓవర్ మీద, వెనక బస్సులు హారన్ కొడుతుంటే కారు ఆగిపోవచ్చు. ఇవి నిజమైన భయాలే. కాకపోతే ఇవి "హైబ్రిడ్ భయాలు" కావు.

అసలు హైబ్రిడ్ భాగంలో లోపం ఎప్పుడొచ్చింది?

అలాంటి సందర్భాలూ ఉన్నాయి. 2019 డిసెంబర్‌లో మారుతీ 63,493 సియాజ్, ఎర్టిగా, ఎక్స్‌ఎల్6 కార్లను పిలిచింది. అవన్నీ "స్మార్ట్ హైబ్రిడ్" పేరుతో అమ్మిన పెట్రోల్ కార్లు. అనుమానం మోటార్ జనరేటర్ యూనిట్ మీద. ఇంజిన్‌కు సాయం చేసేది, చిన్న బ్యాటరీని ఛార్జ్ చేసేది ఈ భాగమే. 2021 సెప్టెంబర్‌లో ఇదే భాగం కోసం ఇంకా పెద్ద రీకాల్ వచ్చింది. ఈసారి ఏకంగా 1,81,754 కార్లు.

ఆ రీకాల్‌లో కంపెనీ ఇచ్చిన ఒక సలహా హైదరాబాద్ వాళ్లు గుర్తుపెట్టుకోవాలి. భాగం మార్చేదాకా నీళ్లు నిలిచిన రోడ్ల మీద వెళ్లొద్దు, ఎలక్ట్రికల్ భాగాల మీద నేరుగా నీళ్లు కొట్టొద్దు అని చెప్పింది. గట్టి వాన పడితే మైత్రీవనం దగ్గర రోడ్డు ఎలా ఉంటుందో అక్కడ తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. 2025 ఆగస్టులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా వచ్చి అమీర్‌పేట బుద్ధనగర్, గంగూబాయి బస్తీలు చూసి వెళ్లింది ఈ ముంపు సమస్య మీదే. అలాంటి చోట ఉండేవాళ్లు "నీళ్లలోకి వెళ్లకండి" అనే సలహా పాటించాలంటే వానాకాలంలో కారు ఇంట్లోనే పెట్టుకోవాలి!

ప్రపంచంలో హైబ్రిడ్‌కు పేరు తెచ్చిన ప్రియస్‌కూ ఇది తప్పలేదు. 2018 అక్టోబర్‌లో టయోటా ప్రపంచవ్యాప్తంగా 24 లక్షలకు పైగా హైబ్రిడ్ కార్లను పిలిచింది. లోపం వచ్చినప్పుడు నెమ్మదిగానైనా ముందుకు తీసుకెళ్లాల్సిన సేఫ్ మోడ్ పనిచేయక, కారు ఆగిపోయే ప్రమాదం ఉందన్నది కారణం. 2025 చివర్లో అమెరికాలో జీప్ 4ఎక్స్‌ఈ కార్లు 3.2 లక్షలు రీకాల్ అయ్యాయి. అక్కడ సమస్య బ్యాటరీకి నిప్పంటుకోవడం. అయితే అవి ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు. వాటిలో గోడకు పెట్టి ఛార్జ్ చేసే పెద్ద బ్యాటరీ ఉంటుంది. మన దగ్గర గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఉండేది ఒక యూనిట్ కరెంటు కూడా పట్టని 0.76 కిలోవాట్ అవర్ బ్యాటరీ. రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

రీకాల్ చేయడం మంచిదా? చెడ్డదా?

మన దేశంలో చాలాకాలం రీకాల్‌కు గట్టి చట్టమే లేదు. 2012లో ఆటో కంపెనీల సంఘం సియామ్ స్వచ్ఛంద నియమావళి పెట్టుకుంది. 2019 మోటార్ వాహనాల సవరణ చట్టంతో పరిస్థితి మారింది. 2021 ఏప్రిల్ 1 నుంచి కొత్త రూల్స్ అమల్లోకి వచ్చాయి. ఏడేళ్ల లోపు వయసున్న వాహనాల్లో సేఫ్టీ లోపం ఉంటే ప్రభుత్వమే రీకాల్‌కు ఆదేశించొచ్చు. అప్పుడు కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. కంపెనీ తనంతట తానే లోపం కనిపెట్టి పిలిస్తే మాత్రం జరిమానా లేదు.

ఇందులో మెలిక ఉంది. ఏడాదికి 10 వేలకు పైగా అమ్ముడయ్యే కారు మోడల్ అయితే, ప్రభుత్వం కదలడానికి 1,250 ఫిర్యాదులు రావాలి. అన్ని ఫిర్యాదులు ఎప్పుడొస్తాయి? ఓనర్లు సర్వీస్ సెంటర్లో గొడవపడి ఊరుకోకుండా, వాహన్ పోర్టల్‌లో కంప్లైంట్ పెడితేనే.

కాబట్టి రీకాల్ ప్రకటించిన కంపెనీ కంటే, లోపం ఉండి కూడా నోరు మెదపని కంపెనీతోనే కస్టమర్‌కు ఎక్కువ ముప్పు. కాకపోతే ఒకే మోడల్‌కు ఆరు నెలల్లోపే మూడు రీకాల్స్ వచ్చాయంటే, కొత్తగా లాంచ్ అయిన కారును మొదటి నెలల్లోనే ఎగబడి కొనడం గురించి ఆలోచించాల్సిందే. పై లిస్టులో మొదటి మూడూ లాంచ్‌కు అటూఇటూ కొన్ని నెలల్లో తయారైన కార్లవే.

ఇక డబ్బు లెక్క.. ఎన్నేళ్లకు గిట్టుబాటు?

స్ట్రాంగ్ హైబ్రిడ్ నెమ్మదిగా వెళ్లేటప్పుడు చాలాసార్లు ఇంజిన్ ఆపేసి మోటార్‌తోనే నడుస్తుంది. బ్రేక్ వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని బ్యాటరీలోకి పంపుతుంది. అందుకే హైవే కంటే సిటీ ట్రాఫిక్‌లోనే దీనికి లాభం ఎక్కువ.

గ్రాండ్ విటారానే తీసుకుందాం. కంపెనీ చెప్పే మైలేజీ స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు 27.97, మైల్డ్ హైబ్రిడ్ ఆటోమేటిక్‌కు 20.58 కిలోమీటర్లు. లాంచ్ టైమ్‌లో జీటా ఆటోమేటిక్ ధర 15.39 లక్షలు, జీటా ప్లస్ స్ట్రాంగ్ హైబ్రిడ్ 17.99 లక్షలు. తేడా 2.60 లక్షలు. ధరలు తర్వాత మారాయి, కానీ లెక్క వేసే పద్ధతి ఇదే.

- నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, కంపెనీ మైలేజీ ప్రకారం ఏడాదికి మిగిలేది సుమారు 154 లీటర్లు. అంటే దాదాపు 16,500 రూపాయలు. పెట్టిన అదనపు డబ్బు రావడానికి 15 ఏళ్లు దాటుతుంది!
- సిటీ ట్రాఫిక్‌లో మైల్డ్ హైబ్రిడ్ 13, స్ట్రాంగ్ హైబ్రిడ్ 21 ఇస్తుందని అనుకుంటే, ఏడాదికి సుమారు 37,600 మిగులుతుంది. ఏడేళ్లు పడుతుంది.
- అదే ట్రాఫిక్‌లో నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగితే మూడున్నరేళ్లలో డబ్బు వెనక్కి వచ్చేస్తుంది.

అంటే ఎస్‌ఆర్ నగర్‌లో ఇల్లు, పంజాగుట్టలో ఆఫీసు ఉన్నవాళ్లకు స్ట్రాంగ్ హైబ్రిడ్ గిట్టుబాటు కావడం కష్టం. వాళ్లకు మెట్రో ఉండనే ఉంది. అమీర్‌పేట నుంచి రోజూ గచ్చిబౌలి దాటి వెళ్లొచ్చేవాళ్లకు లెక్క సరిపోతుంది.

ట్యాక్స్‌లో హైబ్రిడ్‌కు మేలు ఎంత?

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. అంతకుముందు ఈ సైజు హైబ్రిడ్‌కు సెస్‌తో కలిపి 43 శాతం, ఇదే సైజు పెట్రోల్ కారుకు 45 శాతం ఉండేది. ఇప్పుడు రెండింటికీ 40 శాతమే. అంటే హైబ్రిడ్‌కు ఉన్న కాస్త తేడా కూడా పోయింది. ఎలక్ట్రిక్ కారుకు జీఎస్టీ 5 శాతం. పైగా 2024 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవో 41 ప్రకారం, ఈవీలకు 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. 2024 జులైలో ఉత్తరప్రదేశ్ స్ట్రాంగ్ హైబ్రిడ్లకూ రిజిస్ట్రేషన్ ట్యాక్స్ తీసేసింది. ఇంటర్నెట్‌లో అక్కడి అప్పటి ఆన్‌రోడ్ ధర చూసి ఇక్కడ షోరూమ్‌కు వెళ్తే షాక్ తప్పదు.

మరి ఈవీ కొనేస్తే పోలా? సొంత పార్కింగ్, అక్కడ ఛార్జింగ్ పాయింట్ ఉంటే ఆలోచించాల్సిన విషయమే. అమీర్‌పేట సందుల్లోని పాత అపార్ట్‌మెంట్లలో కారు పెట్టుకోవడానికే చోటు దొరకదు, ఛార్జర్ ఎక్కడ పెడతారు? హైబ్రిడ్‌కు గిరాకీ ఉన్నది ఇక్కడే.

అసలు ప్రమాదం సెకండ్ హ్యాండ్‌లో

కొత్త కారు కొనేవాళ్లకు రీకాల్ కబురు ఫోన్ చేసి చెబుతారు. చిక్కంతా సెకండ్ హ్యాండ్‌లోనే. 2022లో కొన్న గ్రాండ్ విటారా ఇప్పుడు రెండో చేతికి మారుతోంది. కంపెనీ రికార్డుల్లో పాత ఓనర్ నంబరే ఉండిపోతే కబురు ఆయనకే వెళ్తుంది. ఆయన పట్టించుకోకపోతే? బెల్టు బ్రాకెట్ మార్చని కారు కొత్త ఇంటికి చేరుతుంది. తళతళలాడే పాలిష్ వెనక ఆ లోపం ఎవరికీ కనిపించదు.

తప్పించుకోవడానికి పెద్ద కష్టం లేదు. ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. పై రీకాల్ తేదీలతో పోల్చి చూడాలి. 17 అక్షరాలు, అంకెల చాసిస్ నంబర్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే రీకాల్ పెండింగ్‌లో ఉందో లేదో తెలుస్తుంది. సర్వీస్ హిస్టరీ అడిగి తీసుకోవాలి. రీకాల్ పనికి ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు. డబ్బు అడిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

షోరూమ్‌లో అడగాల్సినవి

- ఈ కారు ఏ నెలలో తయారైంది? చాసిస్ నంబర్ బుకింగ్ తర్వాత కాదు, డబ్బు మొత్తం కట్టకముందే చూపించాలి.
- హైబ్రిడ్ బ్యాటరీ వారంటీ ఎంత? గ్రాండ్ విటారా, హైరైడర్‌లకు 8 ఏళ్లు లేదా 1.60 లక్షల కిలోమీటర్లు. సెకండ్ హ్యాండ్ అయితే ఎన్నేళ్లు మిగిలిందో చూడాలి.
- నీళ్లలో మునిగితే బీమా వర్తిస్తుందా? మామూలు పాలసీలో ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లిన నష్టం సాధారణంగా రాదు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ కావాలి. అందులో హైబ్రిడ్ బ్యాటరీ, మోటార్ కూడా కలిసి ఉన్నాయా అన్నది నోటిమాటగా కాదు, కాగితం మీద తీసుకోవాలి.
- "హైబ్రిడ్" అంటే మైల్డా, స్ట్రాంగా? మైల్డ్ హైబ్రిడ్ మోటార్‌తో ఒంటరిగా నడవదు. పేరు ఒకటే అయినా మైలేజీ ఒకటి కాదు.

ఫైనల్‌గా.. కొనాలా, ఆగాలా?

రోజూ 60, 70 కిలోమీటర్లు సిటీ ట్రాఫిక్‌లో తిరుగుతూ, ఇంటి దగ్గర ఛార్జింగ్ సదుపాయం లేనివాళ్లు రీకాల్ వార్తలు చూసి స్ట్రాంగ్ హైబ్రిడ్‌ను వదులుకోవాల్సిన పనిలేదు. వారానికి రెండుసార్లు బయటకు తీసేవాళ్లకు మాత్రం ఇది ఖరీదైన ముచ్చటే. వాళ్లు ఆ రెండున్నర లక్షలు మిగుల్చుకోవడం మేలు. మార్కెట్లోకి అప్పుడే వచ్చిన మోడల్ మీద మనసు పడినవాళ్లు ఆరు నెలలు ఆగితే నష్టమేమీ లేదు.

ఇప్పటికే కారు ఉన్నవాళ్లు చేయాల్సింది ఒక్కటే. చాసిస్ నంబర్ ఈరోజే చెక్ చేసుకోవడం. ఫోన్‌లో రెండు నిమిషాల పని. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగే టైమ్ కంటే తక్కువే! అయితే స్టీరింగ్ ముందు కూర్చుని కాదు, ఇంట్లో కూర్చుని చూసుకోండి.