స్క్రీన్‌షాటు: తీయుట, దాచుట, తుడుచుట

మనుష్యునకు జ్ఞాపకము ఎంత యవసరమో మఱపును అంత యవసరము. ఏది నిలుపుకొనవలెనో, ఏది విడిచిపెట్టవలెనో యెఱిగి నడచుకొనుటయే వివేకము. ఈ సంగతి పూర్వము ఉత్తరములకును, లెక్కల చిట్టాలకును, పుస్తకముల బీరువాకును వర్తించెడిది. ఇప్పుడు మన చేతులలోని స్మార్టుఫోనునకును వర్తించుచున్నది. ఫోను తెరపై కనబడుదానిని కనబడినట్లే చిత్రముగా పట్టి యుంచుకొనుటకు స్క్రీన్‌షాటు అని పేరు. మన విద్యార్థులలో దీనిని తీయని వారు అరుదు. తీసిన పిమ్మట దానిని ఏమి చేయవలెనో ఆలోచించువారు అంతకంటెను అరుదు. కావున ఈ విషయమును గూర్చి మా యభిప్రాయమును విద్యార్థుల యెదుటను, వారి తల్లిదండ్రుల యెదుటను, మా సహోపాధ్యాయుల యెదుటను ఉంచదలచితిమి.

తీయు విధము మిక్కిలి సులభము. ఆండ్రాయిడు ఫోనులలో పవరు మీటను, ధ్వనిని తగ్గించు మీటను ఒక్కసారిగా నొక్కినచో తెరకు నకలు తయారగును. 2011వ సంవత్సరమున వెలువడిన ఆండ్రాయిడు 4.0 నుండి ఈ సదుపాయము ఆ ఫోనులలో అమర్చబడియున్నది. హోము మీట లేని ఐఫోనులలో ప్రక్కనున్న మీటను, ధ్వనిని పెంచు మీటను కలిపి నొక్కవలెను. కొన్ని కంపెనీల ఫోనులలో మూడు వ్రేళ్లతో తెరను క్రిందికి రాచినను చాలును. ఈమాత్రపు విద్యను ఆఱవ తరగతి బాలుడు పెద్దలకే నేర్పగలడు. మనము నేర్పవలసినది దీని తరువాతి పాఠము.

ఈ సదుపాయమును మేము నిందింపము. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధివలన పాఠశాలలు మూతపడినప్పుడు పాఠములు ఫోను మీదుగా నడచినవి. తెరపై క్షణకాలము కనబడి మాయమగు లెక్కను నిలుపుకొనుటకు పిల్లలకు ఇంతకంటె తేలిక యుపాయము లేకుండెను. నేటికిని దీని ప్రయోజనములు పెక్కులు గలవు. కట్టిన ఫీజు రసీదు సంఖ్యను, రైలు వేళల పట్టికను, సిగ్నలు అందని యూరికి పోవునప్పుడు దారి చూపు పటమును ముందుగా పట్టి యుంచుకొనవచ్చును. ఫోనులో ఏదేని దోషము కనబడినచో, ఆ తెరను చూపి తెలిసినవారిని సలహా యడుగవచ్చును. కత్తి మంచిదా చెడ్డదా యని యడుగుట వ్యర్థము. దానిని పట్టిన చేతిని చూడవలెను.

అయినను ఇందు మూడు కీడులు గలవు. మొదటిది పోగు. నోటుపుస్తకములో వ్రాసుకొను విద్యార్థి విన్నదంతయు వ్రాయలేడు. ముఖ్యమైనదానిని ఏరుకొని, తన మాటలలో కుదించి వ్రాయును. ఆ ఏరుకొనుటలోనే పాఠము సగము అతని మనస్సున నాటుకొనును. స్క్రీన్‌షాటు తీయువాని వ్రేళ్లు మాత్రమే పనిచేయును. చిత్రము ఫోనులో చేరినందున పాఠము తలలో చేరినదను భ్రమ కలుగును. పరీక్ష ముందునాటి రాత్రి అతడు గ్యాలరీ తెరచి చూచినచో జీవశాస్త్రపు బొమ్మయు, క్రికెట్టు స్కోరును, పుట్టినరోజు శుభాకాంక్షలును, సినిమా ప్రకటనయు ఒకదానిపై నొకటి పడియుండును. ఒక్కొక్కదానికి తేదియు గంటయు నిమిషమును కలిపిన పొడుగాటి యంకెలే పేరు. కావలసిన చిత్రము దొరకునప్పటికి చదువవలసిన గడియలు గడచిపోవును.

కడపలో ఉద్యోగము చేసిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను దొర తెలుగు తాళపత్రములను సేకరించి, పండితులకు జీతములిచ్చి వానికి ప్రతులు వ్రాయించెనని మన పిల్లలు చదివియున్నారు. ఆయన ప్రతులను పోగుచేయుటతో తృప్తి పడలేదు. ఒకే గ్రంథమునకు గల పెక్కు ప్రతులను పోల్చి సరిచూపించెను. అట్లు ఏర్చి కూర్చిన వేమన పద్యములను 1829లో ఇంగ్లీషు అనువాదముతో అచ్చు వేయించెను. నకలు తీయుట మొదటి మెట్టు మాత్రమే. దానిని సరిచూచి, చోటు నిర్ణయించి, పదిమందికి ఉపయోగించునట్లు చేసినప్పుడే ఆ శ్రమకు ఫలము. క్రమములేని వేయి నకళ్లకంటె, చోటు తెలిసిన పది నకళ్లు మేలు.

దీనికి మేము సూచించు పద్ధతి కష్టమైనది కాదు. వారమున కొకసారి, శనివారము సాయంకాలము పావుగంట కూర్చుండి ఆ వారము తీసిన స్క్రీన్‌షాటులను చూడవలెను. పాఠమునకు సంబంధించినదానిని నోటుపుస్తకములోనికి ఎక్కించి, చిత్రమును తుడిచివేయవలెను. కొంతకాలము ఉండదగినదానిని ఆయా విషయము పేరిట ఒక ఆల్బము చేసి అందులో చేర్చవలెను. అనవసరపు అంచులను కత్తిరించినచో చూచుటకు సులువగును. తక్కినవానిని నిర్దయగా తీసివేయవలెను. పొరపాటున మంచిది పోవునేమో యని భయపడనక్కరలేదు. తుడిచిన చిత్రము వెంటనే నశింపదు. ఐఫోనులో 30 దినముల వఱకును, గూగులు ఫోటోసులో బ్యాకప్పు అయిన చిత్రమైనచో 60 దినముల వఱకును చెత్తబుట్టలో ఉండును. ఆలోపల తిరిగి తెచ్చుకొనవచ్చును.

చోటు ఉచితముగా దొరకును గదా, తుడుచుట యెందుకని కొందఱు అడుగుదురు. 2021 జూన్ 1వ తేది నుండి గూగులు ఫోటోసులో చేరు చిత్రములు గూగులువారు ఉచితముగా నిచ్చు 15 జీ.బీ. చోటులోనే లెక్కకు వచ్చుచున్నవి. ఆ చోటునే ఈమెయిలును పంచుకొనవలెను. ఇల్లు ఇరుకైనప్పుడు పాత డబ్బాలను బయట వేయక తప్పదు గదా. మఱియొక మాట. హాలుటిక్కెట్టు, మార్కుల పత్రము మొదలైనవానికి స్క్రీన్‌షాటును నమ్ముకొనరాదు. అధికారులిచ్చు పీ.డీ.ఎఫ్. ప్రతినే దించుకొని భద్రపఱచవలెను. తెర యెంత చూపిన అంతయే నకలులో వచ్చును. క్రింది భాగమున నున్న షరతులు జాఱిపోవును.

రెండవ కీడు రహస్యభంగము. బ్యాంకుల యాపులలో పెక్కింటియందు స్క్రీన్‌షాటు తీయబోయినచో తెర నల్లగా వచ్చుట, లేదా అనుమతి లేదను మాట కనబడుట చాలామంది చూచియుందురు. అది ఫోను లోపము కాదు. ఖాతా వివరములు చిత్రముగా మాఱి చేతులు మాఱకుండుటకై ఆ యాపును తయారుచేసినవారు పెట్టిన కాపు. ఆ కాపు లేనిచోట మనమే కాపలాదారులము. పాసువర్డులను, ఆధారు కార్డును, ఓ.టీ.పీ.లను స్క్రీన్‌షాటు తీసి గ్యాలరీలో వదలుట, తాళపుచెవిని తలుపునకే వ్రేలాడదీయుట వంటిది. 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ సంస్థ పరిశోధకులు స్పార్క్‌క్యాట్ అను దొంగ ప్రోగ్రామును బయటపెట్టిరి. గూగులు ప్లే, ఆపిల్ యాప్ స్టోరులలోని కొన్ని యాపులలోనే అది దాగియుండెను. గ్యాలరీని చూచుటకు అనుమతి పొంది, చిత్రములలోని యక్షరములను చదివి, డిజిటలు నాణెముల ఖాతాలను తెరచు రహస్యపదములను వెదకి తస్కరించుట దాని పని. కాబట్టి చిత్రమైనంత మాత్రమున అందలి యక్షరములను యంత్రము చదువలేదని యనుకొనరాదు. అడిగిన ప్రతి యాపునకును గ్యాలరీ తలుపు తెరువరాదు.

ఇందులోనే మఱియొక సంగతి కలదు. డబ్బు పంపితిమని స్క్రీన్‌షాటు చూపి దుకాణదారులను వంచించువారు నేడు గలరు. అట్టి చిత్రమును కల్పించుట కష్టము కాదు. మన విద్యార్థుల తల్లిదండ్రులలో చిన్న వ్యాపారములు చేయువారు అనేకులు గలరు. వారికి మా మనవి యేమనగా, ఎదుటివాని తెరను నమ్మవలదు. సొమ్ము మీ ఖాతాలో జమ అయినదో లేదో మీ ఫోనులోనే చూచుకొనుడు. స్క్రీన్‌షాటు ఒక వస్తువునకు బొమ్మయే గాని ఆ వస్తువు కాదు.

మూడవ కీడు అన్నిటికంటె పెద్దది. అది పరుల మాటను అపహరించుట. ఒక బాలిక తన స్నేహితురాలిని నమ్మి, ఇంటి కష్టమునో మనస్సులోని బాధనో వాట్సాపులో వ్రాయును. ఆ స్నేహితురాలు తెర నకలు తీసి తరగతి గ్రూపులో వేయును. వ్రాసిన బాలికకు ఆ నకలు సంగతి తెలియనే తెలియదు. సాధారణ సందేశమును స్క్రీన్‌షాటు తీసినప్పుడు వాట్సాపు పంపినవారికి తెలియజేయదు. ఒకసారి మాత్రమే చూడదగినట్లు పంపిన చిత్రమునకు నకలు తీయనీయదు గాని, ప్రక్కనున్న మఱియొక ఫోనుతో ఆ తెరను ఫోటో తీయువానిని ఆపలేదు. యంత్రము పెట్టగల కాపునకు ఒక మేర కలదు. ఆ మేరకు అవతల మనుష్యుని నీతి తప్ప వేఱు కాపు లేదు.

నోటితో చెప్పిన చాడి గాలిలో కలసిపోవచ్చును. చిత్రముగా చెప్పిన చాడి ఫోను నుండి ఫోనునకు ప్రాకుచు, ఏండ్లు గడచినను అట్లే నిలుచును. ఒక మాట ముందు వెనుకలు కోసివేసి పెట్టిన నకలు కొన్నిసార్లు అబద్ధముకంటెను అన్యాయము చేయును. హాస్యమునకన్న మాట నిందవలె కనబడును. అడిగిన ప్రశ్నను తీసివేసి, ఇచ్చిన జవాబును మాత్రము చూపినచో ఎవరినైనను దోషిగా నిలువబెట్టవచ్చును. ఆ మఱునాడు ఆ పిల్ల బడికి రాకపోయినచో, హాజరుపట్టీలో ఆ దినపు గైరుహాజరు ఎవరి ఖాతాలో వ్రాయవలెను? పరుల యుత్తరమును వారి యనుమతి లేక విప్పి చదువుట తప్పని మన పెద్దలు మనకు నేర్పిరి. మనకు వచ్చిన యుత్తరమునైనను వ్రాసినవారి నడుగక పదిమందిలో చదువుట మర్యాద కాదనియు నేర్పిరి. ఆ మర్యాద కాగితముతో పోలేదు.

ఇట్లనినంత మాత్రమున పరుల సందేశమునకు ఎన్నడును నకలు తీయరాదని మా భావము కాదు. ఎవరైనను బెదిరించినను, అవమానించుచు వ్రాసినను, సొమ్ము కోరి పీడించినను ఆ సందేశమును వెంటనే స్క్రీన్‌షాటు తీయవలెను. తేదియు, వేళయు, పంపినవారి పేరును కనబడునట్లు తీయవలెను. మూలసందేశమును తుడువరాదు. 2024 జూలై 1వ తేది నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ఎలక్ట్రానిక్ సాక్ష్యమునకు ధ్రువపత్రము కావలసియుండును. కావున ఫోనును, అందలి మూలసందేశమును భద్రముగా ఉంచుట మంచిది. ఆ నకలును చూపవలసినది తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, పోలీసులకు మాత్రమే. తరగతి గ్రూపు న్యాయస్థానము కాదు. సొమ్ము మోసమైనచో 1930 సంఖ్యకును, పిల్లలకు ఆపద యైనచో 1098 సంఖ్యకును ఫోను చేయవచ్చును. ఒక్క హెచ్చరిక. బాలబాలికల అసభ్యచిత్రమేదైనను కంటబడినచో సాక్ష్యమని దానికి నకలు తీయరాదు, పంచరాదు. అట్టివానిని సేకరించుటయు పంచుటయు ఐ.టీ. చట్టము 67బీ సెక్షను క్రింద నేరము. వెంటనే పెద్దలకు చెప్పవలెను.

ఇన్ని చిక్కులు గల ఫోనును విద్యార్థులకు పూర్తిగా నిషేధింపరాదా యని కొందఱు పెద్దలు అడుగుచున్నారు. బడి వేళలలో దానిని దూరముగా నుంచుట మాకును సమ్మతమే. కాని సాయంకాలము నాలుగు గంటల తరువాత ఆ పిల్లవాని చేతిలో ఫోను ఉండనే యుండును. అప్పుడు నిషేధము వానివెంట ఇంటికి పోదు. అలవాటు పోవును. బావి యున్న యూరిలో పిల్లలకు ఈత నేర్పుదురు గాని బావిని పూడ్చరు. కావున ప్రతి తరగతికిని సంవత్సరమునకు ఒక పీరియడైనను ఈ పాఠమునకై కేటాయింపవలెనని మా సూచన. ఎట్లు తీయవలెనో చెప్పుటకు కాదు. తీయుటకు ముందు మూడు ప్రశ్నలు వేసుకొనుటకు: ఇది నాకు నిజముగా కావలెనా? ఇది ఎవరిది? పని తీరిన వెనుక దీనిని ఏమి చేయుదును?

ఈ పాఠము పెద్దలకును కావలెను. పరీక్షాఫలితములు వచ్చిన దినమున తరగతి మార్కుల జాబితాను స్క్రీన్‌షాటు తీసి బంధువుల గ్రూపులలో పంచు తల్లిదండ్రులు గలరు. తమ బిడ్డ పేరు మొదట నున్నదను సంతోషములో, చివర నున్న బిడ్డ పేరును తామే ఊరూరికి చాటుచున్నామని వారికి తోచదు. ఉపాధ్యాయులమైన మనమును ఒక విద్యార్థి వ్రాసిన వింత జవాబును నవ్వుటకై ఇతరులకు పంపుట మానవలెను. ఆ జవాబు మనకు వచ్చినది దిద్దుటకు గాని ప్రదర్శించుటకు కాదు. పెద్దలు ముందుగా పాటింపని నియమము పిల్లలకు నియమముగా తోచదు.

విద్యార్థులారా, ఈ సెలవులలో ఒక సాయంకాలము మీ ఫోనులోని స్క్రీన్‌షాటులను తెరచి చూడుడు. చదువవలసినవి చదువుడు, వ్రాసుకొనవలసినవి వ్రాసుకొనుడు. మీ స్నేహితుల రహస్యములు అందు ఎన్ని యున్నవో లెక్కించుడు. ముందుగా వానినే తుడువుడు. చెత్తబుట్టలోనుండి కూడ తీసివేయుడు. ఆపదనుగూర్చి వ్రాసిన మాట మాత్రము వేఱు. దానిని పెద్దలకు చూపు వఱకు భద్రముగా ఉంచుడు.