పాదాన్ని పట్టే పెడలు ధనికుల సొత్తా?

పూర్వం పందెపు సైకిళ్ల పెడళ్లకు కాలివేళ్లను ఇమిడ్చే లోహపు క్లిప్పు, తోలుపట్టీ ఉండేవి. 1984లో ఫ్రాన్సుకు చెందిన లుక్ సంస్థ, మంచుపై జారే స్కీల బంధనాన్ని అనుసరించి, బూటు అడుగున బిగించిన క్లీటును పట్టుకొనే పెడలును వెలువరించింది. మరుసటి ఏడు బెర్నార్ ఇనో వాటితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. పాత క్లిప్పు లేదు గనుక దానికి క్లిప్‌లెస్ అని పేరు. తీరా పాదాన్ని గట్టిగా పట్టేదీ అదే!

రోడ్డు సైకిలుకు మూడు బోల్టుల ఖరీదైన పెడలే తగునని కొందరి వాదన. నేనంగీకరించను. ఆ క్లీటు అడుగు వెలుపలికి పొడుచుకొని ఉంటుంది. దానితో నడక బాతు నడకే. 1990లో షిమానో కొండదారుల సైకిళ్లకై తెచ్చిన రెండు బోల్టుల ఎస్.పి.డి. పద్ధతిలో క్లీటు అడుగులోనే ఒదుగుతుంది. ఎం520 వంటి చౌక పెడలుకు రెండు వైపులా పట్టు ఉంది. పందెగాడు గ్రాములు లెక్కించుకోవచ్చు. కళాశాలకు వచ్చే విద్యార్థికి ఆ గ్రాములతో పనేమి?

అయితే, మడమను బయటికి తిప్పితేనే పాదం విడుతుంది. కూడలిలో ఆగబోతూ అది మరచినవాడు అందరి ఎదుట పక్కకు కూలుతాడు. స్ప్రింగు బిగువు తగ్గించి, మొదట గోడను ఆనుకొని, తరువాత పచ్చికపై సాధన చేసిన పిమ్మటే వీధికెక్కాలి. మిగిలిన డబ్బు గట్టి అడుగున్న బూట్లకు వెచ్చించడం మేలు.