"సర్వర్ డౌన్" అంటే సరిపోదు: వేళకు జరగని పనికి లెక్క చెప్పాలి

మట్టెవాడ (మా విలేఖరి): సరుకు అమ్ముకోవడానికి గాని, సర్కారు సొమ్ము కోసం గాని రైతు ఈ రోజుల్లో ఎక్కడికి వెళ్ళినా వినవలసి వస్తున్న మాట ఒకటే: "సర్వర్ డౌన్". ఆ మాట చెప్పే గుమాస్తాకు అంతకు మించి తెలియదు. వినే రైతుకు ఏమడగాలో తెలియదు. నిజానికి సర్వరు పడిపోవడం వేరు, సర్వరు నిక్షేపంగా నడుస్తూనే వేళకు చేయవలసిన పని చేయకపోవడం వేరు. మొదటిది అందరికీ కనబడుతుంది గనుక ఎవరో ఒకరు బాగు చేస్తారు. రెండవది కనబడదు.

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌నే తీసుకుందాం. 2016 ఏప్రిల్ 14న దేశంలో 21 మార్కెట్లతో ప్రారంభమైన ఇ-నామ్ పద్ధతిలో మన మార్కెట్ కూడా ఉన్నది. గేటు దగ్గర సరుకు నమోదై లాటు నెంబరు రావాలి. నిర్ణయించిన వేళకు వ్యాపారులు కంప్యూటరులోనో ఫోనులోనో ధరలు వేయాలి. గడువు కాగానే ధరలు వేయడం మూతపడాలి. ఎవరి ధర ఎక్కువో తేలి రైతు ఫోనుకు కబురు రావాలి. ధర నచ్చకపోతే కాదనే హక్కు రైతుకున్నది. జెండా పాటలో ఇదంతా మనుషులు కళ్ళెదుట చేసే పని, పాట ఆగితే ఎందుకు ఆగిందో అక్కడున్నవారికి తెలిసేది. ఇప్పుడు ఎక్కడ ఆగిందో యార్డులో ఉన్న ఎవరికీ తెలియదు. ములుగు నుండో భూపాలపల్లి నుండో రాత్రికి రాత్రి మిర్చి బస్తాలు వేసుకొని వచ్చిన రైతుకు ఒక పూట ఆలస్యమైతే ఎండకు తూకం తగ్గుతుంది, బండి కిరాయి పెరుగుతుంది, ఆ రాత్రి బస్తాల మీదే పడుకోవాలి. పత్తి రైతుదీ అదే అవస్థ. 2025-26 సీజనులో కేంద్ర ప్రభుత్వం క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర పొడవు పింజకు ప్రకటించినా, కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు దొరికితేనే ఆ ధర చేతికి వచ్చేది.

ఇంతకూ వేళకు పని చేయడం కంప్యూటరుకు ఎట్లా తెలుస్తుంది? మన బావుల దగ్గర ఆటో స్టార్టర్లు తెలియనివారు లేరు. 2018 జనవరి 1 నుండి సాగుకు 24 గంటల కరెంటు వచ్చాక వాటిని తీసెయ్యమని విద్యుత్ అధికారులు ఊరూరా చెప్పి అలసిపోయారు. రైతు ఇంట్లో నిద్రపోతున్నా కరెంటు రాగానే మోటారు నడుస్తుంది. కంప్యూటరులోనూ అటువంటి ఏర్పాటు ఒకటున్నది. 1970లలో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో పుట్టిన ఈ ఏర్పాటును ఆ పని తెలిసినవారు 'క్రాన్' అంటారు. ఒక పట్టీలో నిమిషం, గంట, తేదీ, నెల, వారం, ఆ పక్కన చేయవలసిన పని రాసి ఉంటాయి. క్రాన్ నిమిషానికి ఒకసారి ఆ పట్టీ చూసి, వేళ అయిన పనిని మొదలుపెడుతుంది. దాని బాధ్యత అంతే. పని పూర్తయిందా, ఫలితం వచ్చిందా అన్నది దానికి పట్టదు.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. నీళ్ళు అడుగంటిన బావిలో కూడా ఆటో స్టార్టరు మోటారును తిప్పుతూనే ఉంటుంది. చప్పుడు వస్తుంది, మడికి నీరు పారదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద సంస్థలో జరిగింది ఇదే. ప్రపంచంలోని సాఫ్టువేరు పనివాళ్ళు తమ పనిని భద్రపరచుకునే చోటు అది. రాత్రిపూట పనిలో ఉన్న ఉద్యోగి పొరపాటున సుమారు 300 గిగాబైట్ల సమాచారం చెరిపేశాడు. పోతే పోయింది, రోజూ దానంతటదే తయారయ్యే నకలు ఉంటుందిగదా అని వెతికితే నకలు లేదు. నకలు తీసే పని రోజూ మొదలవుతున్నది, వెంటనే విఫలమవుతున్నది. సమాచారం కొత్త సాఫ్టువేరులో ఉంటే నకలు తీసేది పాతది, రెంటికీ పొసగలేదు. విఫలమైన ప్రతిసారీ ఈమెయిలు పంపే ఏర్పాటు కూడా ఉన్నది. సరైన ముద్ర లేదని ఆ ఈమెయిళ్ళను అవతలి పెట్టె తిప్పికొట్టింది. చివరకు ఆరు గంటల సమాచారం శాశ్వతంగా పోయింది. అంతటి సంస్థకే ఈ గతి పట్టిందంటే, మనకు చెప్పే "అంతా ఆటోమేటిక్ అండీ" అన్న మాటకు ఎంత విలువ ఇవ్వాలో రైతులే ఆలోచించుకోవాలి.

రెండవ చిక్కు గడియారానిది. చాలా సర్వర్లు అంతర్జాతీయ కాలమానం మీద నడుస్తాయి. మనం దానికంటే అయిదున్నర గంటలు ముందున్నాము. ఉదయం 10 గంటలకు తెరుచుకోవలసిన పనిని పట్టీలో 10 అని రాసి, గడియారం ఏ దేశపుదో చూడకపోతే, అది మన దగ్గర మధ్యాహ్నం మూడున్నరకు తెరుచుకుంటుంది. అప్పటిదాకా "సర్వర్ డౌన్" అనే జవాబే. రోజూ సరిగ్గా అదే వేళకు తెరుచుకుంటున్నదంటే సర్వరు మంచిదే, పట్టీ తప్పు. ఇది కనిపెట్టడానికి ఇంజనీరు అక్కరలేదు, నాలుగు రోజులు వేళ రాసి పెట్టుకుంటే చాలు.

ఒకే పనిని ఇద్దరికి అప్పగించినా ముప్పే. 2025 అక్టోబరు 20న, మనకు దీపావళి నాడు, అమెరికాలోని వర్జీనియాలో అమెజాన్ సర్వర్లు దెబ్బతిని ప్రపంచమంతటా వందలాది వెబ్‌సైట్లు ఆగిపోయాయి. వెబ్ చిరునామాలను దిద్దే పనిని రెండు యంత్రాంగాలు చేస్తున్నాయి. ఒకటి ఆలస్యంగా వచ్చి కొత్త చిరునామా మీద పాతది రాసింది. రెండవది అది పాతదని చెరిపేసింది. చివరకు చిరునామా స్థానం ఖాళీ. ఎవరి పని వారు చక్కగానే చేశారు మరి!

చిన్న వెబ్‌సైట్ల సంగతి ఇంకొకటి. కొన్నిటిలో వేళ పట్టీ సొంతంగా లేవదు, ఎవరైనా ఆ వెబ్‌సైటు తెరిచినప్పుడే లేస్తుంది. టైము ప్రకారం కదిలేది ఆర్టీసీ బస్సు, మనిషి ఎక్కితే గాని కదలనిది షేర్ ఆటో. సహకార సంఘమో, పాఠశాలో వెబ్‌సైటు పెట్టుకొని, తెల్లవారుజామున వెళ్ళవలసిన కబురు ఎందుకు వెళ్ళలేదని వాపోతే కారణం ఇదే కావచ్చు. ఆ వేళకు దాన్ని తెరిచేవారెవరు?

ఏ చిక్కు అయినా జాడ ఒకచోట దొరుకుతుంది. కంప్యూటరు తాను చేసిన ప్రతి పనినీ వేళతో సహా రాసుకునే చిట్టా ఉంటుంది, దాన్ని 'లాగ్' అంటారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలు కూడా ఈ చిట్టాలను 180 రోజులు భద్రపరచాలి, తమ గడియారాలను ప్రభుత్వ గడియారంతో సరిచూసుకోవాలి. ఈ సంగతి మార్కెట్‌కు వచ్చే రైతుకు ఎవరూ చెప్పరు. మార్కెట్ ఆఫీసు ముందు ధరల బోర్డు పక్కన, నేటి పనులు ఏ వేళకు జరగాలి, ఏ వేళకు జరిగాయి అని రెండు వరుసలు రాయడానికి అధికారులకు అయ్యే ఖర్చు సుద్దముక్క ఖరీదు.

బోర్డు పెట్టేదాకా రైతు చేయగలిగినది ఉన్నది. లాటు నెంబరు, తేదీ, చెప్పిన వేళ, నిజంగా జరిగిన వేళ, తెర మీద కనబడిన మాటలు కాగితం మీద రాసుకోవాలి. వీలైతే ఫోటో తీయాలి. సమాచార హక్కు చట్టం కింద మార్కెట్ కమిటీ కార్యాలయంలోని సమాచార అధికారికి దరఖాస్తు ఇవ్వవచ్చు. ఆ సమాచారం తమ దగ్గర లేకపోతే అయిదు రోజుల్లో సంబంధిత కార్యాలయానికి పంపాలి, జవాబు 30 రోజుల్లో రావాలి. "సర్వర్ ఎందుకు పని చేయలేదు" అని రాస్తే "సాంకేతిక కారణాల వల్ల" అనే జవాబు వస్తుంది. ఫలానా తేదీన ఫలానా లాటుకు ధరలు తెరవవలసిన పని ఎన్ని గంటలకు మొదలైంది, ఎన్ని గంటలకు ముగిసింది, ముగియకపోతే చిట్టాలో ఏమి నమోదైంది అని అడగాలి. భద్రత పేరు చెప్పి చిట్టా అంతా ఇవ్వకపోవచ్చు, తన లాటుకు సంబంధించిన నాలుగు వరుసలు ఇవ్వడానికి మాత్రం అభ్యంతరం ఉండరాదు. దరఖాస్తు ఆలస్యం చేయరాదు: ఫిబ్రవరిలో మిర్చి అమ్మిన రైతు దసరాకు తీరిక చేసుకొని అడిగేసరికి ఆ 180 రోజులు దాటిపోతాయి.