చెరువుకు కట్ట ఒక్క వైపే

హైదరాబాద్‌లో ఏ చెరువు గురించి మీటింగు పెట్టినా ఈమధ్య ఒకటే కోరిక వినిపిస్తోంది: చుట్టూ బాట వేయండి. నడకకు, పరుగుకు, సైకిలుకు, పిల్లల స్కేటింగుకు, అన్నిటికీ పనికొచ్చే బాట. కాలనీ సంఘాలు అర్జీలు పెడుతున్నాయి, నాయకులు మాట ఇస్తున్నారు, చెరువంటే నిజంగా ప్రాణం పెట్టేవాళ్ళు కూడా అదే అడుగుతున్నారు. బాట పడితే జనం వస్తారు, జనం తిరిగే చోటికి కబ్జాదారు రాడు, చెరువు బతుకుతుంది అని వాళ్ళ వాదం. ఈ వాదం తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. చెరువును చుట్టి వచ్చే బాట చాలా చోట్ల చెరువు మీద పడే మొదటి కబ్జా. సర్కారు సొమ్ముతో, అందరి మెప్పుతో జరుగుతుంది కాబట్టి దాన్ని ఎవరూ అడ్డుకోరు.

మన చెరువు ఎలా ఏర్పడిందో గుర్తు చేసుకుంటే సంగతి తెలుస్తుంది. దక్కను నేల వాలుగా ఉంటుంది. ఆ వాలుకు అడ్డంగా ఒక కట్ట వేస్తారు. కట్ట దగ్గర లోతు, అక్కడే తూము, ఒక చివర అలుగు, తెలంగాణ ఊళ్ళలో మత్తడి. కట్టకు ఎదురువైపు గట్టనేదే ఉండదు. నేల మెల్లగా పైకి లేస్తూ పోతుంది. మంచి వాన పడిన ఏడు నీరు ఆ వాలు మీద ఎంత దూరం పాకితే అంత దూరమూ చెరువే. ఎండాకాలం వస్తే వెనక్కి తగ్గుతుంది, తేలిన చెరువు గర్భంలో, అంటే శిఖం నేలలో, గడ్డి మొలుస్తుంది, పశువులు మేస్తాయి. కొంగలు, ఉల్లంకులు తిండి వెతుక్కునేది మోకాలి లోతు కూడా లేని ఆ అంచునే. ఆరు నెలలు తడి, ఆరు నెలలు పొడి అయిన ఆ నేలను చూసి చాలామంది పనికిరాని బురద అనుకుంటారు. చెరువు ఊపిరి తీసుకునేది అక్కడే.

సరిగ్గా ఆ అంచు మీదే బాట వస్తుంది. మట్టి పోసి గట్టు ఎత్తుతారు, లోపలివైపు రాతి కట్టుబడి, పైన టైల్స్, వరసగా దీపాలు. చెరువు గుండ్రంగా, శుభ్రంగా, ఫొటోలో అందంగా కనిపిస్తుంది. కానీ పైనుంచి పారి వచ్చే వాన నీటికి ఇప్పుడు గట్టు అడ్డం. అక్కడక్కడా పెట్టిన పైపుల్లోంచి అది లోపలికి దూరాలి. వాటిలో నాలుగు ప్లాస్టిక్ సంచులు ఇరుక్కుంటే నీరు వెనక్కి తన్ని పైకాలనీల్లో నిలుస్తుంది. లోపల చెరువు ఉబ్బడానికి చోటు లేదు, తగ్గితే మేతకు అంచు లేదు. రాత్రంతా వెలిగే దీపాల కింద పక్షి నిద్రపోదు. ఇంత చేసి దానికి సుందరీకరణ అని బోర్డు పెడతారు.

హుస్సేన్ సాగర్‌నే చూడండి. తూర్పున ఉన్నది ట్యాంక్‌బండ్, 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో వేసిన అసలు కట్ట. దాని మీద ఎంతమంది నడిచినా చెరువుకు చుక్క నష్టం లేదు. నడవడానికి, గాలి పీల్చుకోవడానికి, బతుకమ్మలతో రావడానికి అంతకంటే మంచి చోటు నగరంలో లేదని నేనూ అంటాను. అవతలి వైపు నెక్లెస్ రోడ్డు సంగతి వేరు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు వచ్చి కలిసేది కట్ట లేని వైపుల నుంచే. 1990లలో ఆ వైపున రోడ్డు వేసి చెరువు మెడలో హారం అన్నారు. రోడ్డు వచ్చాక దాని పక్కన పార్కులు, తినుబండారాల దుకాణాలు ఒక్కొక్కటే చేరాయి. చెరువు తన వాలును పోగొట్టుకుంది. నగరం దాన్ని నష్టంగా ఎన్నడూ లెక్కించలేదు, ఎందుకంటే పోయిన చోట మనకు షికారు దొరికింది.

కబ్జా వాదానికి వస్తాను, అదే అసలు బలమైన వాదం. దిక్కులేని చెరువులో రాత్రికి రాత్రి ఇటుక ముక్కల లారీలు ఖాళీ అవుతాయి, అటుపైన షెడ్డు లేస్తుంది. నిజమే. కానీ బాట అక్కడ చేసే పని ఏమిటి? ప్రైవేటు పట్టాలతో తగాదా ఎందుకని ఇంజనీర్లు చాలాసార్లు బాటను నీటి వైపుకే జరుపుతారు, అంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే మట్టం) గీత లోపలికి. మరుసటి ఏటి నుంచి జనం కళ్ళలో చెరువు హద్దు ఆ బాటే. బాటకు అవతల మిగిలిన శిఖం నేల ప్లాటుగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు, పైగా లేక్‌వ్యూ పేరుతో గజం ధర పెరుగుతుంది. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ దాటి 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు బఫర్ వదలాలి. ఆ బఫర్‌ను కాపాడాల్సిన బాటే గీత లోపల పడితే బఫర్ ఎక్కడి నుంచి కొలవాలి?

2024 జూలైలో చెరువుల కబ్జాలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక కూల్చివేతల మీద సాగిన తగాదాల్లో మళ్ళీ మళ్ళీ వచ్చిన ప్రశ్న ఎఫ్‌టీఎల్ ఎక్కడ అన్నదే. సర్వే, రాళ్ళు, తుది నోటిఫికేషన్, రికార్డులో గీసిన గీత: కబ్జాను ఆపేవి ఇవి. ఏళ్ళ తరబడి ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరే ఆగిపోయిన చెరువులు ఎన్నో ఉన్నాయి. ఆ పనికి అడగని డబ్బు టైల్స్‌కు అడుగుతున్నాం.

కొల్లేరు సరస్సులో ఇదే పాఠం పెద్ద అక్షరాల్లో ఉంది. అక్కడ అభయారణ్యం హద్దును ఐదో కాంటూరుగా, అంటే నేల ఎత్తును బట్టి నిర్ణయించారు. చేపల చెరువుల కోసం లోపల వేసిన గట్లు నీటి దారిని మూసేశాయి, చివరికి 2006లో వాటిని ప్రభుత్వమే కొట్టించాల్సి వచ్చింది. లాభం కోసం వేసినా, షికారు కోసం వేసినా నీటికి గట్టు గట్టే.

ఇంకో మాట. అందరి కోసం అంటున్న ఈ బాట అందరిలో ఎవరిని లెక్క వేస్తోంది? చెరువుల పునరుద్ధరణకు తెచ్చిన మిషన్ కాకతీయ నాటి నుంచి మినీ ట్యాంక్‌బండ్‌లు వచ్చాయి, సిద్దిపేట కోమటి చెరువు లాంటివి చూసి చాలా పట్టణాలు ముచ్చటపడ్డాయి. కట్టను బాగుచేసి జనాన్ని రానివ్వడం వరకు నాకు అభ్యంతరం లేదు. కానీ చుట్టూ కంచె, గేటు, వేళలు వచ్చేసరికి వల ఆరేసుకునే గంగపుత్రుడు, ముదిరాజు ఎటు దిగాలి? బట్టలు ఉతికే రేవు ఏమైంది? గేదెలను నీళ్ళకు తోలుకొచ్చే మనిషిని వాచ్‌మన్ ఆపితే అడిగేదెవరు? చెరువుతో రోజూ పని ఉన్నవాళ్ళే ముందుగా బయటివాళ్ళవుతున్నారు. చెరువుకు విలువ తెచ్చేది బాట కాదు. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది దాని నీటి కోసం, పక్షుల కోసం. అక్కడికి జనం వెళ్ళేది కూడా పక్షులను చూడటానికే.

నేను అడిగేది బాట వద్దని కాదు. కట్ట మీద వేయండి, మట్టి బాటగా, చెట్ల నీడలో. ఒక పక్కన ఎఫ్‌టీఎల్‌కు, బఫర్‌కు బయట కొంత దూరం పొడిగించండి. నీరు వచ్చే వైపు చేరకముందే ఆపేయండి. కాల్వ చేరే చోట, తామర, తుంగ పెరిగే చోట మనిషికి దారి వద్దు, దీపం వద్దు. సైకిళ్ళకు బయటి రోడ్డు పక్కన వేరే వరస ఇవ్వండి, ముసలివాళ్ళూ పసిపిల్లలూ నడిచే మూడు మీటర్లలో వాటిని కలపొద్దు. రేవుకు, వలలకు, బతుకమ్మ ఘాటుకు చోటు మ్యాపులో ముందే గీయండి. ఇలా అయితే పూర్తి చుట్టు రాదే అని అడుగుతారు. రాదు. వెళ్ళినంత దూరం వెనక్కి నడిచి వస్తే కావలసిన కిలోమీటర్లు అవుతాయి.

మీ వార్డులో ప్రతిపాదన మ్యాపు గోడకు తగిలించిన రోజున మూడు సంగతులు అడగండి: ఎఫ్‌టీఎల్ గీత ఏది, తుది నోటిఫికేషన్ ఎప్పుడు వచ్చింది, నీరు ఏ వైపు నుంచి లోపలికి వస్తుంది. జవాబులు రాతలో ఇచ్చేదాకా సంతకం పెట్టొద్దు.