పంట కాపలా పేరిట నాటు తుపాకుల తయారీ - ఆయుధ చట్టం నిబంధనలు

అడవి పందుల బెడద అధికంగా ఉన్న ఏజెన్సీ గ్రామాలలోను, అడవి అంచు పల్లెలలోను పంట కాపలా కొరకు ఇంటివద్దనే నాటు తుపాకీ తయారు చేసుకోవడం నేరం కాదనే అపోహ నేటికీ తొలగిపోలేదు. సొంత అవసరానికే చేసుకున్నామని, ఎవరికీ అమ్మలేదని చెప్పే సమాధానానికి 1959 నాటి ఆయుధ చట్టంలో తావు లేదు.

ఈ చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీని తయారు చేయడమే గాక మరమ్మతు చేయడం, రూపు మార్చడం, పేల్చి పరీక్షించడం సైతం నిషిద్ధం. పాత తుపాకీకి విరిగిన ట్రిగ్గరును బిగించి ఇచ్చిన ఊరి కమ్మరి కూడా దీని పరిధిలోకి వస్తాడు. విడిభాగాలను, తయారీ యంత్రాలను సైతం చట్టం ఆయుధాలుగానే నిర్వచించింది.

అమెరికాలో సొంత వినియోగానికి తుపాకీ చేసుకొనేవారికి ఫెడరల్ చట్టం సాధారణంగా లైసెన్సు అడగదు. అక్కడి వీడియోలను చూసి ఇక్కడ ప్రయత్నించే యువకులు ఈ తేడాను గుర్తించాలి. విడిభాగాల కిట్లను నియంత్రిస్తూ 2022లో వెలువడిన నిబంధనను ఆ దేశ సుప్రీంకోర్టు సైతం 2025 మార్చిలో సమర్థించింది.

మన దేశంలో 2019 సవరణకు పూర్వం అక్రమ తయారీకి 3 నుండి 7 సంవత్సరాల జైలుశిక్ష ఉండేది. సవరణ అనంతరం కనీస శిక్షయే 7 సంవత్సరాలు. యావజ్జీవం వరకు విధించవచ్చు, జరిమానా అదనం. ముఠాలకు పిస్తోళ్లు చేసి అమ్మేవానికి, జొన్నచేను కాపాడుకోజూసిన గిరిజన రైతుకు వర్తించే సెక్షన్ ఒక్కటే కావడం గమనార్హం.

విచారకరమైన విషయమేమంటే, ఆ రైతుకు అదే చట్టం చూపిన మార్గం బహు కొద్దిమందికే తెలుసు. నిజమైన పంట రక్షణ నిమిత్తం, గొట్టం మూతి నుండి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు మంజూరు చేయాలని 13వ సెక్షన్ పేర్కొంటోంది. పోలీసు నివేదిక అనంతరం లైసెన్సింగ్ అధికారి నిర్ణయం తీసుకుంటారు. తిరస్కరిస్తే కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలి. దానిపై అప్పీలు చేసుకోవచ్చు. 2019 సవరణ లైసెన్సు గడువును 3 నుండి 5 సంవత్సరాలకు పెంచింది. అయితే ఈ లైసెన్సు తుపాకీ కలిగి ఉండేందుకే గాని తయారు చేసుకొనేందుకు కాదు. అధీకృత డీలరు వద్ద కొనుగోలు చేయవచ్చు.

లైసెన్సు చేతికి వచ్చినంత మాత్రాన పందిని కాల్చవచ్చునని కూడా భావించరాదు. అందుకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అధీకృత అటవీ అధికారి లిఖితపూర్వక అనుమతి వేరుగా పొందవలసి ఉంటుంది.