ఊగేది కింద, అరిగేది పైన

పిల్లలకి సెలవులిచ్చారంటే పెరట్లో ఉయ్యాలకి క్షణం తీరిక ఉండదు. అది కాస్తా పాడయిందా, "పాత ఇనప సామాన్లవాడికి వేసేద్దాం" అనేస్తాం. తొందరపడకండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ముందు వాళ్ళకి చూపించండి. ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం.

మా పలాస వైపు, ఉద్దానం పల్లెల్లో ఒకప్పుడు ఉయ్యాలంటే కొనేది కాదు. పనస కొమ్మకో మామిడి కొమ్మకో కొబ్బరి తాడు కట్టి, మధ్యన పీట పెడితే అదే ఉయ్యాల. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడిమామిడి, పనస... తోటలకి తోటలే నేలకొరిగాయి. మరో రెండు వారాలకి అట్లతద్ది. ఊగుదామంటే కొమ్మేదీ? మా ఇంటికి ఇనప ఉయ్యాల ఆ తర్వాతే వచ్చింది.

ఇనుముకి మా సముద్రపు గాలి పడదు. ఉప్పు తేమకి తుప్పు తొందరగా ఎక్కుతుంది. మొన్నామధ్య ఒకవైపు గొలుసు ఊడి పడింది. దేవుడి దయవల్ల ఆ సమయానికి ఎవరూ ఎక్కి లేరు. తోట పోయినప్పట్నుంచీ మా నాన్నగారు పెరటివైపు రావడమే మానేశారు. "నాన్నా, నువ్వొచ్చి ఓసారి చూడు" అని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన గొలుసు ముట్టుకోనైనా లేదు. నన్ను స్టూలెక్కమని, "పైన కొక్కెం సూడమ్మా. ఊగేది కిందే గానీ, అరిగేది పైన" అన్నారు.

నిజమేనండీ! ఒక కొక్కెం అరిగి తెగిపోయింది. బాగానే ఉందనుకున్న రెండోవైపుదీ లోపల సగానికి సగం అరిగిపోయింది. తెగినదొక్కటే మార్చి పిల్లల్ని ఎక్కించి ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

అందుకని ఏం చెయ్యాలంటే, కొక్కేలు రెండూ ఒకేసారి మార్చాలి. నోరు తెరుచుకుని ఉండే కొక్కెం కాకుండా, మరతో బిగుసుకునే డి ఆకారపు కొండీ వెయ్యాలి. గొలుసు జింకు పూత ఉన్నది అడగండి.

తర్వాత గొట్టాలు. మా నాన్నగారికి చేతులు వణుకుతాయి. సుత్తి నాకిచ్చి, పక్కన నిలబడి చప్పుడు విన్నారు. గట్టిగా ఉన్నచోట ఠంగుమంటుంది, లోపల తిన్నచోట డొల్ల చప్పుడొస్తుంది. ఎక్కువగా తినేది నేలలోకి దిగే చోటే. అక్కడ చిల్లు పడితే రంగు పూసి కప్పెట్టకండి. ఆ ముక్క కోయించి కొత్త గొట్టం వెల్డింగు పెట్టించాలి. మిగతాచోట్ల ఇనప బ్రష్షుతో, గరుకు కాగితంతో తుప్పు రాల్చి, రెడ్ ఆక్సైడ్ పూత వేసి, ఆరాక ఎనామిల్ రంగు రెండు చేతులు వెయ్యాలి.

మాది ఇసక నేల, కాళ్ళు ఊరికే కదులుతాయి. ఒకటిన్నర అడుగుల గుంత తీసి కాంక్రీటు వేయించాం. నీళ్ళు నిలవకుండా పైభాగం వాలుగా ఉండాలి. తడి గోనె కప్పి వారం రోజులు ఎవర్నీ ఎక్కనివ్వలేదు.

బల్లకి పాత పనస చెక్క వాడాం. మేకులు కాదు, బోల్టులు బిగించాలి. అంచులు నున్నగా గీయాలి. ఒక్క మాట. చెక్కకి పురుగు పట్టకుండా కొందరు జీడిపిక్కల తొక్క నూనె పూస్తారు. పిల్లలు కూర్చునే బల్లకి అది వద్దే వద్దు. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఆ జీడి తగిలితే చర్మం పొక్కిపోతుంది. అవిసె నూనె రాసి బాగా ఆరనిస్తే చాలు.

అంతా అయ్యాక ముందు పిల్లల్ని కాదు, బియ్యం బస్తాలు రెండు ఎక్కించి ఊపి చూడండి. కింద రాళ్ళు ఏరేసి మెత్తటి ఇసక పొయ్యండి. నెలకోసారి పైన కొక్కేలు చూడడం మరిచిపోవద్దు.

మా ఇంట్లో ఆ పని నాన్నగారే పుచ్చుకున్నారు. రోజూ పొద్దున్నే వచ్చి బోల్టులు తడిమి చూస్తే గానీ పిల్లల్ని ఎక్కనివ్వరు. వచ్చినవారు ఊరుకుంటారా! ఉయ్యాలకి అటుగా రెండు కొబ్బరి మొక్కలు కూడా నాటారు. "కాపుకి అయిదారేళ్ళు పడుతుంది కదా నాన్నా" అంటే, "పడనీ, ఈలోగా ఊగండి" అన్నారు.

ఉయ్యాల ఖర్చు కొత్తదానికయ్యే దాంట్లో సగం కూడా కాలేదు. మిగిలిన లాభం మీకు నేను చెప్పక్కర్లేదు. వచ్చే వారం మరో సంగతితో కలుద్దాం. ఉంటాను మరి!