ఎవరి ఆట ఎవరికి కనబడుతుంది?

'మన ఆడవాళ్ళకి ఆటలాడే తీరికెక్కడిది?' అని మన సంఘాల్లోనే అంటుంటారు. ఆ తీరిక లేకపోవడమే అణచివేత కదా! అందుకే ఈ పత్రికలో వీడియో గేముల గురించి రాస్తున్నాను. పెద్ద కంపెనీల పెట్టుబడి లేకుండా ఒకరిద్దరో, చిన్న బృందమో తయారుచేసే వాటిని ఇండీ గేములంటారు. 2023లో వచ్చిన 'వెన్బా' కెనడాకు వలసవెళ్ళిన ఒక తమిళ తల్లి వంటింటి కథ. లీనా కేజ్రీవాల్ 2016లో తెచ్చిన 'మిస్సింగ్' అమ్మాయిల అక్రమ రవాణా గురించి. తుపాకుల ఆటల మధ్య ఇలాంటివీ ఉన్నాయని మనలో ఎందరికి తెలుసు?

తెలియకపోవడం యాదృచ్ఛికం కాదు. స్టీమ్ అనే గేముల అంగడిలో 2024 ఒక్క ఏడాదే 18 వేలకు పైగా కొత్త గేములు చేరాయి. వీటిలో ఏది ఎవరి కంటపడాలో సిఫార్సు చేసే యంత్రాంగం తేలుస్తుంది. నీలాంటివాళ్ళు ఏం ఆడారో చూసి అలాంటివే నీ ముందు పెడుతుంది. ఎవరూ ఆడని ఆటని ఎవరికి చూపాలో దానికి తెలియదు. ఇంతవరకు ఏమీ ఆడని మనిషికి ఏం చూపాలో కూడా తెలియదు. నిపుణులు దీనికి 'కోల్డ్ స్టార్ట్' అని పేరుపెట్టారు. చాలాచోట్ల దీనికి వాళ్ళ మందు, అందరూ ఆడుతున్నదాన్నే ముందు పెట్టడం. ఆ 'అందరూ' ఎవరని మాత్రం అడగరు.

జగిత్యాల జిల్లా బీర్పూర్ వైపు బీడీలు చుట్టే ఇళ్ళలోకి ఈ సూత్రాన్ని తీసుకెళ్ళి చూడండి. ఇంటికంతా ఒకటే ఫోన్ ఉన్నచోట అది అన్నదో తండ్రిదో అవుతుంది. తునికాకు కత్తిరించడం అయ్యాక పిల్లకి దొరికిన పావుగంటలో ఆడిన ఆట అన్న ఖాతాలో జమవుతుంది. యంత్రం దృష్టిలో ఆ ఇంట్లో ఉన్నది ఒక్కడే, వాడు మగవాడు. రేపు ఆమెకి కనబడేవి వాడి ఇష్టాలే. ఇంటిచాకిరీని పనిగా లెక్కించమని ఇన్నేళ్ళుగా పోరాడుతున్నాం, ఇప్పుడు ఆమె ఆట కూడా లెక్కకి రావడంలేదు.

మరి ఎంపిక మనుషుల చేతికిస్తే? ఏ మనుషులన్నదే ప్రశ్న. ఆస్ట్రేలియాలోని కలెక్టివ్ షౌట్ అనే సంస్థ, అత్యాచారాన్ని వినోదం చేసిన గేముల మీద చెల్లింపుల కంపెనీలకు బహిరంగలేఖ రాసింది. 2025 జులైలో, చెల్లింపుల సంస్థల ఒత్తిడితో, ఇచ్ డాట్ ఐఓ అనే వేదిక 'పెద్దలకు మాత్రమే' అన్న గుర్తున్న ఆటలన్నిటినీ వెతికితే దొరకకుండా చేసింది. ఆ గేముల మీద కోపం నాకూ ఉంది. కానీ స్త్రీలు, స్వలింగ ప్రేమికులు తమ శరీరాల గురించి చెప్పుకున్న ఆటలు కూడా ఆ వేటుకే పోయాయి. నెలాఖరుకి ఉచితమైనవాటిని మళ్ళీ చూపడం మొదలుపెట్టారు. అమ్ముకుని బతకాలనుకున్నవాళ్ళ మాటేమిటి? స్త్రీల పేరు చెప్పి తాళంచెవి కార్డుల కంపెనీలకి అప్పగించడాన్ని నేను ఒప్పుకోను.

అష్టాచెమ్మా, అచ్చనగాయలూ మనకెవరు సిఫార్సు చేశారు? అమ్మమ్మలూ, మేనత్తలూ, పక్కింటి అక్కలూ. 'ఇది నువ్వాడు, నీకు నచ్చుతుంది' అని చెప్పడానికి వాళ్ళకి మన ఖాతా అక్కర్లేకపోయింది. ఇండీ గేముల్ని పరిచయం చేసే సేవ మనం కట్టుకోవాలంటే అక్కడినుంచే మొదలవాలి. ఆటని ఎంచినవారి పేరు, ఎందుకు ఎంచారో రెండు మాటలు తెలుగులో ఉండాలి. చదవడం రానివాళ్ళకి అవే మాటలు గొంతుతో వినిపించాలి. ఫోన్ నంబరు అడగకూడదు, ఎవరేం ఆడారో దాచిపెట్టకూడదు. డబ్బు పందెం ఆటలు దరిచేరకూడదు. 2025 ఆగస్టులో కేంద్రం వాటిమీద చట్టం చేసిందిగానీ, ఫోన్ అనగానే తల్లులకి ఇంకా రమ్మీ అప్పులే గుర్తొస్తాయి, అందులో వాళ్ళ తప్పేంలేదు. తక్కువ ధర ఫోన్లో, నెట్ లేకపోయినా నడిచే ఆటలు ముందుండాలి.

దీనికి ఖర్చవుతుంది. పిల్లల చదువుకి, ఆరోగ్యానికి నిధులిచ్చే సంస్థలు 'ఆట'కి ఇవ్వవు. దరఖాస్తులో 'నైపుణ్యాభివృద్ధి' అని రాయమని సలహా ఇస్తారు. ఆట అనే రాద్దాం.